చిన్నక్కకు ఫోను

"చిన్నక్కను రోంత పిలుస్తావా అన్నా? పది నిమిషాల్లో మళ్లా చేస్తా."

నరసింహులుకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు నెలలుగా ఇదే గొంతు, ఇదే మాట. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి.

"ఏమప్పా, నేను ఎస్టీడీ బూత్ పెట్టుకున్న్యానా, చిన్నక్క కాడ జీతానికున్న్యానా? ఆయమ్మ ఇల్లేమన్నా ఈడుందా? కోటకొండ కింద మిట్ట మీద ఉండాది. ఈపొద్దు నేను పోను!"

"అట్లనద్దన్నా. బళ్లారి నుంచి చేస్తాండా. చానా ముఖ్యమైన మాట."

అవతల ఫోను పెట్టేశారు. గుత్తిలో ఆ వీధి వీధంతా చుట్టాలకు ఇచ్చుకున్నది ఈ బూత్ నంబరే. పిలవనంటే కుదరదు. చావు కబురో, కాన్పు కబురో అయితే ఆ పాపం ఎవరు మోస్తారు? తీరా చిన్నక్క వచ్చేసరికి ఒక్కోసారి ఫోనే రాదు. వచ్చినా ఆమె "ఊఁ, ఊఁ" అని రెండు మాటలతో పెట్టేస్తుంది. ఆ ఊఁ కోసమా తను కొండదాకా పోయి రావడం!

అసలే ఈరోజు నరసింహులుకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. మూడు నెలల కిందట డాక్టరు తెగేసి చెప్పాడు. రోజూ గంట నడవాలి, లేదంటే సుగరుకు సూదులు తప్పవు, కాలి పుండు మానకపోతే వేలే తీసేయాలి అని. నడవడానికి తీరికేది? భార్య పుష్పావతి తెల్లారేసరికి ఆ డాక్టరు దగ్గరే ఆయా పనికి పోతుంది. ఆడపిల్లలిద్దరికీ జడలల్లి, సద్ది కట్టి, బడికి తోలి బూత్ తెరిస్తే ఇక కుర్చీయే గతి. ఒక్కరోజైనా వాకింగుకు పోయిన పాపాన పోలేదు. నిన్ననే పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాడు.

"రిపోర్టు వస్తానే మా కొత్త కాంపౌండరు ఫోను చేసి చెప్తాడులే. నువ్వింకా చూళ్ళేదు ఆయప్పను" అని పుష్పావతి పొద్దున చెప్పి వెళ్లింది.

తిట్టుకుంటూనే బూత్ తలుపు దగ్గరికి వేసి బయల్దేరాడు. ఎండ మాడ్చేస్తోంది. దారంతా ఎగుడు, అడుగడుగునా గుండ్రాళ్లు. చిన్నక్క వాకిట్లో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది.

"చిన్నక్కా, నీకు ఫోను! బళ్లారి నుంచి ఆ పనీపాటా లేనోడే."

ఆమె ఎవరని అడగలేదు, ఎందుకని అడగలేదు. అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"ముందు మూడు తావుల కూచ్చొని, రొప్పుకుంటా వస్తాంటివి. ఈపొద్దు ఒక తావన్నా కూచ్చోల్యాదా?"

"కూచ్చుంటే బూత్ ఎవరు చూస్తారక్కా? లెయ్యి, నడువు."

"నువ్వు పదప్పా, నేనొస్తా" అని ఆమె నింపాదిగా ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లో వేసుకుంది.

డాక్టరు దగ్గర నుంచి ఫోను వచ్చి పోయిందేమోనని నరసింహులు పరుగులాంటి నడకతో కిందికి దిగాడు. తలుపు తీస్తుండగానే ఫోను మోగింది.

"నరసింహులన్నేనా? డాక్టరు సారు కాడ కాంపౌండరును, ఓబుళేసును."

నరసింహులు నిలబడే అడిగాడు.

"చెప్పప్పా. సూదేనా? వేలు తీసేస్తారంటనా?"

"సూదీ లేదు, ఏమీ లేదు. సుగరు బాగా దిగిండాది. పుండు గూడా మానుతాండాది గదా! సారు నీ మాత్రలు సగం చేసినాడు."

నరసింహులు కుర్చీలో కూలబడ్డాడు. బిడ్డలిద్దరూ గుర్తొచ్చారు. కళ్లల్లో నీళ్లు ఆగలేదు. మరుక్షణమే అనుమానం పుట్టింది.

"అదెట్లప్పా? నేను ఒక్క దినం గూడా వాకింగు పోల్యా! రిపోర్టు ఎవరిదన్నా మారిపోయిందేమో చూడు!"

అవతల పుష్పావతి పకపకా నవ్వడం వినిపించింది. ఆయాకు అక్కడ అంత నవ్వెందుకు? నరసింహులు రిసీవరును చెవికి గట్టిగా అదుముకున్నాడు. ఈ గొంతు ఎక్కడో విన్నట్టుంది.

"యాడా మారల్యాదులేన్నా" అన్నాడు ఓబుళేసు. "సారు ఇంకో మాట చెప్పమన్న్యాడు. రేపట్నించి చిన్నక్క వద్దంట. కోట మెట్ల మీద ఉంటాడే తిప్పన్న, ఆయప్పను రోంత పిలుస్తావా? పది నిమిషాల్లో మళ్లా చేస్తా."