సంగటి తెడ్డు

ఇంట్లోంచి తెడ్డు చప్పుడు వినబడగానే కాశయ్య గొర్రెల దొడ్డిలోంచే కొమరోలులో ఉన్న కూతురికి ఫోన్ చేశాడు.

"మీ అమ్మకు చెయ్యి స్వాధీనంలోకి వచ్చింది పాపా! సంగటి కెలకతా ఉంది. నువ్వు మళ్లీ రావాల్సిన పన్లేదు. ఇంక మార్కాపురం పోయి ఆ కసరత్తులు చేయించే పనీ లేదు."

ఆ ఇంట్లో మొదట పక్షవాతం వచ్చింది కాశయ్యకే. అప్పుడు భార్య పోలమ్మ ఏడాది పాటు అతన్ని ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టనీయలేదు. వారం వారం బస్సెక్కించి మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయింది. ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కో వేలూ వంచి, చాపింది. అతను తన తలపాగా తానే చుట్టుకున్న రోజున గానీ "బాగైనాడు" అని ఎవరికీ చెప్పలేదు.

ఈసారి ఆమెకొచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. నిన్నటిదాకా కూతురు వండిపెట్టి వెళ్లింది. పొద్దున కాశయ్య, "ఏదో ఒకటి చెయ్యి, ఎన్నాళ్లని కూచుంటావు?" అన్నాడు.

ఇప్పుడతను కాళ్లు కడుక్కుని పళ్లెం ముందు కూర్చున్నాడు. పోలమ్మ ఎడమచేత్తో ముద్ద పెట్టబోయింది.

"ఎడంచేత్తో పెడతావేంది? కెలికినదానివి, కుడిచేత్తో పెట్టలేవా?"

పోలమ్మ కుడిచేతి మీది కొంగు తీసింది.

సంగటి కెలికేటప్పుడు కుండ కదలకుండా రెండో చెయ్యి పట్టుకోవాలి. అందుకని ఆమె చచ్చుబడిన చేతిని మసిగుడ్డతో కుండకు కట్టేసి, ఎడమచేత్తో కెలికింది.

మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలు.

"దానికి నొప్పి తెలీదులే," అంది పోలమ్మ. "నువ్వు తిను. చల్లారిపోతాది."