అంగుళం దూరంలో

"ముందు ఉంగరం తియ్యి," అన్నాడు మెకానిక్.

కూతురు తీసింది.

"వాచీ?"

"అదీ తీశాను నాన్నా."

"ప్లగ్గు ఎక్కడుంది?"

"ఇదిగో, నా ఒళ్లోనే."

ఇంట్లో బల్ల మీద వెనక మూత విప్పిన పాత టీవీ ఉంది. ఆన్ చేస్తే బొమ్మకు బదులు తెర మీద అడ్డంగా ఒక తెల్లగీత, అదీ దాని జబ్బు. లోపలి బోర్డు బయటికి రావాలంటే పిక్చర్ ట్యూబుకున్న రబ్బరు టోపీని ముందు ఊడదీయాలి. తప్పు లేకుండా ఊడదీస్తే రేపటి నుంచి షాపు కూతురిది. ఒక్క తప్పు చేసినా ఆ గడప తొక్కకూడదు. తండ్రీకూతుళ్ల ఒప్పందం అది.

ప్లగ్గు పీకినా ట్యూబులో వేల వోల్టులు నక్కి కూర్చుంటాయి. వైరు కట్టిన స్క్రూడ్రైవర్‌ని టోపీ కిందికి దూర్చి, వాటిని ఖాళీ చేయాలి. అది మరిచి చెయ్యి పెడితే ఇక చెప్పుకోవడానికి మనిషి ఉండడు.

కరెంటు గుండె మీదుగా పోకుండా కూతురు ఎడంచెయ్యి వీపు వెనక పెట్టుకుంది. అంతవరకు బాగానే ఉంది. కుడిచెయ్యి మాత్రం తిన్నగా టోపీ వైపు పోతోంది. స్క్రూడ్రైవర్ బల్ల మీదే ఉండిపోయింది.

తలుపు దగ్గరున్న భార్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఏమండీ! మాట్లాడరేం? పిల్ల..."

"ష్! ఏం కాదు," అని గొణిగాడు మెకానిక్. "పొద్దున మీరు లేవకముందే నేనే ఖాళీ చేసేశాను."

"మరి ఈ పరీక్షెందుకూ?"

"ముట్టుకోనీ. తప్పు చేశానని తెలిస్తే షాపు గోల వదిలేస్తుంది."

ఏ తండ్రయినా కోరలు పీకకుండా పామును కూతురి చేతికిస్తాడా? అయినా అతనికి అరచేతులు చెమటలు పట్టాయి. జానెడు దూరం. బెత్తెడు. అంగుళం.

వేళ్లు అక్కడ ఆగాయి. చాలాసేపే ఆగాయి. తర్వాత చెయ్యి వెనక్కి వచ్చింది. కూతురు వైరు కొసనున్న క్లిప్పును ట్యూబు చుట్టూ ఉన్న ఎర్తు అల్లిక తీగకు తగిలించి, స్క్రూడ్రైవర్ మొనను టోపీ కిందికి మెల్లగా తోసింది.

ట్యూబు ఖాళీ, చప్పుడు రాదుగా, అప్పుడేం చేస్తుందో చూద్దాం అనుకున్నాడు మెకానిక్.

టప్!

లోపల నీలం రవ్వ మెరిసింది.

మెకానిక్ స్టూలు మీద కూలబడ్డాడు. ఖాళీ చేసిన ట్యూబులో కాస్తో కూస్తో కరెంటు మళ్లీ ఊరుతుందని అతనికి తెలుసు. ఇది ఊరింది కాదు, నిండుకుండ. చెయ్యి ఇంకో అంగుళం పోయి ఉంటే? నోటి మీద వేలేసుకుని చూస్తూ నిలబడ్డాడు తను! భార్య చూసిన చూపుకు తలెత్తలేకపోయాడు.

కూతురు మొనను రెండోసారి తోసింది. చప్పుడు లేదు. కాసేపాగి మూడోసారి కూడా చూసుకుంది. అప్పుడు ఒంటిచేత్తో టోపీ ఊడదీసి తండ్రి వైపు తిరిగింది.

"పాసయ్యానా?"

"అదెలా... పొద్దున నేనే స్వయంగా..."

"దుప్పట్లోంచి అంతా చూశాను. నువ్వు స్నానానికి వెళ్లగానే మళ్లీ పావుగంట ఆన్ చేసి పెట్టాను."

"ఎందుకే తల్లీ?"

"ఎప్పుడో ఖాళీ చేశామని నమ్మకూడదు, చెయ్యి పెట్టే ముందు మళ్లీ చేసి తీరాలి అన్నది ఎవరు?" కూతురు చెయ్యి చాచింది. "అంగుళం దూరంలో చెయ్యి ఆపి నీ అరుపు కోసమే చూశాను. షాపు తాళాలు ఇటివ్వు నాన్నా, ఫెయిలైంది నువ్వు."