పదిన్నర నుంచి పన్నెండు

శుక్రవారం పదకొండింటికి స్రవ్య నాలుగోసారి ఎంటర్ నొక్కింది. ఛత్రినాక మందుల షాపుకి పంపాల్సిన బిల్లింగ్ ప్రోగ్రాం ఈసారీ కదల్లేదు. షాపాయన అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. మంగళవారం మధ్యాహ్నం, శుక్రవారం పొద్దున సర్వర్‌కి బద్ధకమని ఆఫీసులో అందరి నమ్మకం.

విసుగొచ్చి స్రవ్య స్క్రిప్టు తెరిచింది. ప్రోగ్రాం తయారుచేసి షాపుల కంప్యూటర్లలోకి ఎక్కించే స్క్రిప్టు అది. ఆఫీసు యజమాని శ్రీహరిరావు ఏడేళ్ల కిందట శాలిబండ బట్టల సేఠు కోసం రాశాడు. తర్వాత వచ్చిన పద్నాలుగు ప్రాజెక్టులకూ దాన్నే కాపీ కొట్టారు. లోపలేముందో ఎవరూ చూడలేదు.

"సార్, దీంట్ల ఏడు రోజుల రాహుకాలం ఉంది! ఆ టైంల ఏదీ పోకుండ మీరే ఆపిన్రు!"

శ్రీహరిరావు నవ్వాడు. "నాకలాంటి నమ్మకాల్లేవమ్మా. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా ఏమీ పంపొద్దన్నాడు సేఠు. రాహుకాలం కదా అని, ఆయన అడక్కపోయినా మిగతా ఆరు రోజులవీ పెట్టేశాను. తర్వాత మర్చేపోయాను."

స్రవ్య సేఠుకి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి రాహుకాలం సంగతి అడిగింది.

"రాహుకాలమా? నేనెప్పుడన్న?" సేఠు గొంతు ఖంగుమంది. "అప్పట్ల మా గల్లీల గా టైంకే కరెంటు పోతుండె భాయ్! ఇప్పుడు పోతలేదు. అయినా మీరు గా టైంకి ఏం పంపకుంటే, మీకే మస్తు పట్టింపులున్నయేమోనని ఇన్నేండ్లు ఊకున్న!"

స్రవ్య ఆ లైన్లన్నీ తీసేసి ఎంటర్ మీద వేలు పెట్టింది.

శ్రీహరిరావు గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఇరవై.

"ఎలాగూ ఇంతసేపు ఆగాం కదమ్మా," అన్నాడు. "పన్నెండు కానీ."