ఆదివారం నీళ్లు

చర్చి గంట మోగి ఎంతసేపైందో! పక్కతోట బెన్నీ ఇంటివాళ్లు మాత్రం కదలరు. తన గేటు ముందర తెల్లరాళ్ల కుప్ప చాటున గొంతుకూర్చున్న జనార్ధన్‌కు కాళ్లు తిమ్మిరెక్కాయి. ఒళ్లో ఇనుప పానా, భుజాన చుట్టచుట్టిన నల్ల పైపు. అంత పొట్టతో అట్లా కూర్చోవడం మాటలా? కానీ నీళ్ల దొంగతనానికి దిగాక ఒళ్లు దాచుకుంటే ఎట్లా!

లాల్‌గడి మలక్‌పేట్‌లో ద్రాక్ష పెట్టిన మొదటి మనిషి జనార్ధనే. ఆ ఏడు అతని బోరు ఎండిపోయింది. మోటారు వేస్తే దగ్గు తప్ప నీళ్లు లేవు. కొంపల్లిలో ప్లాట్లు అమ్మే బావమరిది ప్రతాప్ ఈ సంగతి విన్నాడో లేదో, హద్దురాళ్లు ట్రాక్టర్‌కెత్తి తెచ్చి గేటు ముందర దించిపోయాడు. "తోట పోతే పోనీ బావా, మస్తు ప్లాట్లయితయ్" అన్నాడు. పొద్దున లేచి ఆ రాళ్లను చూస్తే చాలు, జనార్ధన్ గుండె కలుక్కుమనేది.

కంచె అవతల బెన్నీ బోరు మాత్రం ఏనుగు తొండంలా పోస్తోంది. పోయి అడగొచ్చు. కానీ నిన్నగాక మొన్న తోట పెట్టిన బెన్నీని, జనార్ధన్ నీళ్లడగడమా? అడగడం కన్నా దొంగిలించడమే మర్యాద అనిపించింది.

పైగా వైన్ కంపెనీ ఒకటి ఊళ్లోకి వచ్చింది. ఒక్క తోట నల్లద్రాక్షే కొంటుందట. కంపెనీ కుర్రాడు ప్రణయ్ రైతులను కూర్చోబెట్టి, "ముందు నీళ్ల సంగతి చెప్తా వినండి" అనగానే జనార్ధన్ లేచి తువ్వాల దులిపాడు.

"నేను తీగ పాకించిన్నాడు నువ్వు పుట్టనే లేదు. నీళ్లెట్ల పెట్టాల్నో నాకు నేర్పుతవా?" అని ఇంటిదారి పట్టాడు. బెన్నీ భార్య జాస్మిన్ మాత్రం ముందు వరసలో చెంపకు చెయ్యి ఆనించుకుని ఆఖరిదాకా విన్నది.

ఎట్టకేలకు బెన్నీ, జాస్మిన్, వాళ్ల అవ్వ బుచ్చవ్వ తెల్లబట్టల్లో బయటికొచ్చారు. బుచ్చవ్వ వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది.

"మోటరు బందు జెయ్యలేదు గదా బిడ్డా? నా తీగలు గొంతెండి సస్తయ్!"

"నడుస్తనే ఉన్నది అవ్వా, ఇగ నడువు," అంది జాస్మిన్.

అదీ బుచ్చవ్వ! రోజంతా మోటారు పక్కన మంచం వేసుకుని కూర్చుంటుంది. ఆ చప్పుడు ఆగిందంటే వాడ వాడంతా లేపుతుంది.

వాళ్లు మలుపు తిరగగానే జనార్ధన్ వెనక కంచె దూరాడు. బెన్నీ కొత్తగా వేసిన పెద్ద పైపు ఎందుకో వంకర తిరిగి, సరిగ్గా ఇతని కంచె దాకా వచ్చి, మూతతో ఆగి ఉంది.

"కొత్త రైతుల తెలివి గింతే," అని నవ్వుకున్నాడు.

పానా పెట్టే పనే లేకపోయింది. ఉత్త చేత్తో తిప్పితే మూత ఊడింది, నీళ్లు ఎగిరి మొహాన కొట్టాయి. తడిసి ముద్దయినా తన మణికట్టు బలానికి తానే మురిసిపోయాడు. వేళ్లు కొబ్బరినూనె వాసన వేశాయి గానీ, ఆ తొందరలో ఎవరు పట్టించుకుంటారు? తన పైపు బిగించి, పైన ఆకులు కప్పాడు. అతని తోట పల్లంలో ఉంది. ఇక బెన్నీ మోటారు నడిచినప్పుడల్లా నీళ్లన్నీ ఇటే.

మాఘం వచ్చేసరికి బెన్నీ తీగలు వాడి, కాయలు శనగగింజలంత అయ్యాయి. జనార్ధన్ గుత్తులు బరువుకు పందిరిని వంచాయి.

"ఏందయ్యా, బోరు ఎండిపాయె, ద్రాక్షలేమో పోతుగొర్రెల లెక్క బలుస్తున్నయ్?" అంది భార్య ఇందిరమ్మ.

"భూమిల తేముంటదే. నీకు దెల్వది."

ఒకనాడు కంచె మీది నుంచి జాస్మిన్ పిలిచింది. "అన్నా, మా తోట జూస్తివా, ఎట్లెండుతాందో?"

"తెగులు చెల్లె, తెగులు. నాకు గూడ మస్తు పరేషాన్ అయితాంది."

జాస్మిన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గిరుక్కున తిరిగింది. పాపం, ఏడుస్తోంది కాబోలు అనుకున్నాడు.

కోతల ముందు ప్రణయ్ వచ్చాడు. జనార్ధన్ తోట కాయ ఒకటి పిండి, రసం చుక్కను చిన్న దుర్భిణి లాంటి దానిలో వేసి కన్ను పెట్టాడు.

"ఉత్త నీళ్లండీ జనార్ధన్ గారూ!"

తర్వాత బెన్నీ తోట కాయ పిండి చూశాడు. కన్ను తియ్యడే!

"తేనె! కాయ రంగు తిరిగాక నీళ్లు కట్టేస్తే కాయ చిన్నదై, తోలు మందమై, తీపి చిక్కబడుతుంది. వైన్‌కు కావలసింది అదే. ఆ రోజు చెప్పబోతుంటే మీరు లేచిపోయారు."

కంపెనీ లారీ బెన్నీ తోటలోకి మళ్లింది. జనార్ధన్ పోయి హద్దురాళ్ల మీద కూలబడ్డాడు. తన చేత్తో తానే పక్కవాడికి వడ్డించాడు!

అంతలో జాస్మిన్ ఒక లావుపాటి మనిషిని వెంటబెట్టుకొచ్చింది.

"అన్నా, ఈన మేడ్చల్ పండ్ల సేటు. తినెటోళ్లకు లావుకాయలే గావాల్నట. నీ తోటంత అడుగుతాండు. ఇగ గీ రాళ్లు వాపసు పంపియ్యి."

జనార్ధన్ రాళ్ల మీది నుంచి లేచాడు. తల దించుకున్నాడు. "చెల్లె... గా నీళ్లు... నేను..."

"కంపెనోళ్లకేమో తీగ ఎండాలె, మా అవ్వకేమో మోటరు నడవాలె. మరి నీళ్లు యాడ పోయాలె?" అని నవ్వింది జాస్మిన్. "నువ్వా అడగవు, ఇస్తే తీసుకోవు. పానా పట్టుకొని కంచె పొంటి తిరిగెడిది జూసి పైపు నీ దిక్కు మలిపినం. అవ్వ తలనూనె సీసంత ఒంపి గా మూత వదులు జేసుట్లనే, గా ఆదివారం మాకు చర్చికి ఆల్శమైంది!"