ఆరిన్ చెయ్యి పడితే

“మీరు కాసేపు బయటికి వెళ్లండి. పిల్లలతో నేనొక్కణ్ణే మాట్లాడాలి” అన్నాడు ఆరిన్.

లిడియా సుద్దముక్క బల్లమీద పెట్టి, తన క్లాసులోంచి తానే బయటికి వచ్చింది.

కొత్తగా చేరిన లెక్చరర్లకు సాయపడటం ఆరిన్ ఉద్యోగం. సెమిస్టరు సగంలో వస్తాడు. టీచర్ని బయటికి పంపి, పాఠం ఎలా ఉందో పిల్లల్ని అడుగుతాడు. ఆ సాయం పేరెత్తితే చాలు, ఈ కాలేజీలో అందరి మొహాలూ వాడిపోతాయి.

లిడియాది ఏడాది కాంట్రాక్టు. భర్త పనిచేసే మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీ మూతపడింది. కూతురి ఉబ్బసం మందులు కాలేజీ ఇన్సూరెన్సు మీదే వస్తున్నాయి. ఉద్యోగం పోతే మందులూ పోతాయి.

తలుపు అద్దంలోంచి చూసింది. ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ కుర్రాడు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. ఆరిన్ తల ఊపుతున్నాడు. ఉన్నట్టుండి క్లాసంతా నవ్వింది. బయట నిలబడ్డ మనిషికి ప్రతి నవ్వూ తనమీదే అనిపిస్తుంది మరి.

ఎదురు గదిలోని ముసలి లెక్కల మాస్టారు ఫ్లాయిడ్ కాఫీ కప్పుతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

“నీ దగ్గరికీ వచ్చాడన్నమాట.”

“ఏమవుతుంది ఫ్లాయిడ్?”

“ఏముంది, ఆయన చెయ్యి పడితే గది ఖాళీ. నీకు ముందు గ్రెటా. దానికి ముందు డేల్. బంగారంలాంటి పిల్లలు. ఎండలు ముదరకముందే అట్టపెట్టెలు సర్దుకున్నారు. వాళ్ల క్లాసులన్నీ నా నెత్తిన పడ్డాయి.”

“నేను వద్దంటే?”

“డేల్ కూడా మొదట్లో అట్లాగే అన్నాడులే.”

కాఫీ ఊదుకుంటూ వెళ్లిపోయాడు.

వద్దనే ధైర్యం లిడియాకు లేదు. ఆరిన్ చెప్పిందల్లా చేసింది. ప్రశ్న అడిగి, జవాబు తానే చెప్పెయ్యకుండా ఆగింది. పిల్లల చేతే బోర్డు మీద లెక్కలు చేయించింది. ఆరిన్ వారం వారం వచ్చి వెనక కూర్చునేవాడు. కళ్లార్పకుండా చూసేవాడు. మెచ్చుకున్నదీ లేదు, తిట్టిందీ లేదు.

ఒకరోజు మాత్రం, “మీ పాఠం ఒకటి వీడియో తీస్తాను. బయటివాళ్లకు చూపించాలి” అన్నాడు.

ఎవరికో అడక్కుండానే ఆమె తలూపింది. ఆ రాత్రి కూతురి మందులు ఇంకెన్నాళ్లకు వస్తాయో లెక్కపెట్టుకుంది.

మంచు కరుగుతుండగా డీన్ నుంచి కబురొచ్చింది. లిడియా వెళ్లేసరికి ఆరిన్ అప్పటికే ఆ గదిలో ఉన్నాడు. డీన్ మార్తా మొహం మాడ్చుకుని కూర్చుంది.

“నీ గురించి నిన్న ఫోనొచ్చింది” అంది పొడిగా.

లిడియాకు కూతురి దగ్గు చెవుల్లో మోగింది.

“నన్ను తీసేస్తున్నారా?”

డీన్ ఆమె వంక చూడనైనా లేదు. ఆరిన్ వైపు తిరిగింది.

“నీకు దణ్ణం పెడతాను ఆరిన్, నువ్వు తీర్చిదిద్దిన వాళ్లందర్నీ పెద్ద యూనివర్సిటీలు రెట్టింపు జీతమిచ్చి ఎగరేసుకుపోతున్నాయి, కనీసం ఈ పిల్లనైనా కాస్త తక్కువ బాగుచెయ్యి.”