చారులో వెలుగు

తీగలు రెండూ ఉప్పునీళ్లలో మునగగానే ఎర్ర బల్బు వెలిగింది.

"వెలిగింది!" నింగప్ప గరిటె వదిలేశాడు. "ఇంకోసారి చెయ్యి తల్లీ."

శివలీల నవ్వింది. ధార్వాడ బాలికల హాస్టల్లో పదో తరగతి పిల్ల. రేపు ప్రాక్టికల్సు. "పరీక్ష నాకా, నీకా అజ్జా?" అంది, సొంత తాతను పిలిచినట్టే.

"ఇద్దరికీ."

నిజమే. వంటవాడు నింగప్ప భార్య గౌరవ్వ పోయి నెల. అప్పటినుంచి చారు ఒకరోజు ఉప్పు కుప్ప, ఒకరోజు చప్పిడి. ఈ మధ్యాహ్నమూ కుదరకపోతే రేపు వేరే మనిషి వస్తాడని వార్డెను అక్కోరు పొద్దున్నే చెప్పేసింది. "దుఃఖంలో ఉన్నావని నెల ఓర్చాను" అని కూడా అంది. ఇరవై ఏళ్లు పిల్లలకన్నా ముందు గరిటెడు చారు చేతిలో పోసుకు తాగిందని గౌరవ్వకు తిండిపోతని పేరుపెట్టింది ఆవిడే. నింగప్ప అది మరిచిపోలేదు.

"ఉప్పులో సోడియం తన ఎలక్ట్రాన్‌ని క్లోరిన్‌కి ఇచ్చేస్తుంది. అది అయానిక బంధం. నీళ్లలో పడితే రెండూ విడిపోతాయి. కరెంటును మోసేది అవే" అంది శివలీల.

"మరి చక్కెర?"

శివలీల తీగలు కడిగి చక్కెర నీళ్లలో ముంచింది. బల్బు వెలగలేదు. "ఇందులో పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి. సమయోజనీయ బంధం. కరిగినా ఆ జత విడదు."

"విడదా?" నింగప్ప ఆ గిన్నెకేసి కాసేపు చూశాడు. "సరే, ఉప్పు ఎక్కువైతే?"

"ఇంకా వెలుగుతుంది."

అతను చివాలున లేచాడు. గుండిగలోంచి గ్లాసెడు చారు ముంచి ఆమెకిచ్చాడు. "నీకు సరిపడా ఉప్పు వేసుకో. నీ దగ్గరున్న రెండో బల్బూ బయటికి తియ్యి!"

"నోట్లో వేసుకుంటే తెలిసేదానికి ఇంత హంగామానా?"

"నీ చదువు ముందు నా నాలుకెంత, పిల్లా!"

శివలీల రుచి చూసి ఉప్పు కలిపిన గ్లాసులో ఒక బల్బు తీగలు, గుండిగలో రెండోదాని తీగలు. నింగప్ప గుండిగలో ఉప్పు చిటికెడు కాదు, గుప్పెళ్లు వేశాడు.

"ఇంకొంచెం అజ్జా! ఇంకొంచెం... చాలు చాలు! ఆపు!"

రెండు బల్బులూ ఒక్కలా వెలిగాయి. ఇద్దరూ కేక పెట్టారు.

మధ్యాహ్నం అక్కోరు రెండోసారి చారు పోయించుకుంది. "దుఃఖం దిగినట్టుంది నింగప్పా. పనిలో ఉండు."

"మీ దయ అక్కోరే" అన్నాడు, ఆవిడ మొహం చూడకుండా.

శివలీల పరుగెత్తుకొచ్చింది. "గెలిచాం అజ్జా! నువ్వు తాగావా? ఎలా ఉంది?"

నింగప్ప గరిటెడు చారు చేతిలో పోసుకు తాగాడు.

"బాగా వెలిగింది" అన్నాడు.

రుచి తెలియని అతనికి ఇరవై ఏళ్లూ నాలుక గౌరవ్వే.