రెండు నిమిషాల ఆవిరి

“ఆవిరి పట్టడానికి ఇదేమన్నా జలుబా డాక్టరుగారూ?” అన్నాడు భర్త వెటకారంగా.

డాక్టరమ్మ ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి రెండు నిమిషాలు వేడి ఆవిరి పంపిస్తారు. లోపలి పొర మాడిపోతుంది, నెలనెలా వరదలా పోయే రక్తం తగ్గుతుంది. “కానీ ఆ తరవాత గర్భం రాకూడదు. వస్తే ప్రమాదం.”

“అయితే వద్దు. మాకు ఇంకో బిడ్డ కావాలి.”

“మాకు అంటే ఎవరికి?” భార్య గొంతు గదంతా మోగింది. ఆమె బస్సు కండక్టరు. పదిమందిలో అరవడం అలవాటే, మొగుడి మీద అరవడమే కొత్త. “ఆరేళ్ళుగా టికెట్ల సంచిలో ఇంకో చీర మడిచి పెట్టుకుని తిరుగుతున్నాను. పోయిన నెల బస్సులో పడిపోతే డ్రైవరన్న ఆస్పత్రికి మోసుకొచ్చాడు.”

“ఎండదెబ్బ అన్నావు కదా!”

“అన్నాను. మీరు నమ్మేశారు. సీటు మీద మరక చూసి డ్రైవరన్నకు అర్థమైంది. పదకొండేళ్ళు కాపురం చేసిన మీకు కాలేదు.”

డాక్టరమ్మ అంగీకార పత్రం బల్ల మీద పెట్టింది. అలవాటుగా అతనే కలం కోసం చెయ్యి చాపాడు.

“మీ సంతకం అక్కర్లేదు. ఆవిడది చాలు.”

భార్య కాగితం చిరిగేంత గట్టిగా సంతకం చేస్తోంది. అతను ఆ చేతినే చూశాడు. రక్తం లేక గోళ్ళు సున్నంలా పాలిపోయి ఉన్నాయి.

“డాక్టరుగారూ... తనకు నొప్పెడుతుందా?”

“ఆవిడనెందుకు అడుగుతారు?” అంది భార్య తలెత్తకుండానే. “ఆరేళ్ళ నొప్పి నాది. నన్నడగండి.”

అతను కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నాడు.

“చెప్పు,” అన్నాడు.